నాలుగంగుళాల తేడా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లు ఆ మాట అన్నది మట్టిగోడలు లేపుకుని, పైన గూనపెంకులు కప్పుకున్న రోజుల్లో. ఇస్నాపూర్ అవతల నూట ఇరవై గజాల జాగాలో ఇల్లు లేపి ఉంటే ఇంకేమేం అనేవారో! బాలప్ప మాత్రం ఏమీ అనడం లేదు. ట్రాలీ ఆటోలోంచి దించి గోడకు ఆనించిన అయిదు కొత్త కిటికీల ముందు, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

అయిదింటిలో ఒక్కటి కూడా గోడలో పట్టలేదు.

"అన్నా, గిదేందే?" అన్నాడు మల్కయ్య మేస్త్రి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంటూ. "వంటింటిది పెట్టి చూసిన, పట్టలే. పడకింటిది పెట్టి చూసిన, పట్టలే. కిటికీలు పెరిగినయో, నేను కట్టిన గోడలు గుంజుకపోయినయో సమజైతలేదు."

కిటికీలు బిగించడానికి వచ్చిన బిహారీ పనివాడు జేబులోంచి కాగితం తీసి చూపించాడు. "సాబ్, నాప్ తో ఆప్ హీ దియే."

నిజమే. ఆ కాగితం మీద ఉన్నవి బాలప్ప ఇచ్చిన కొలతలే. వాటి ప్రకారమే కిటికీలు చేశారు, అంగుళంలో ఎనిమిదో వంతు, ఒక్క సూత్ కూడా తేడా లేకుండా చేశారు. షాపువాళ్లను అనడానికి లేదు. కొలతిచ్చి చేయించుకున్న సరుకు వాపసు తీసుకునేది లేదని వాళ్లు రసీదు మీద ముందే రాశారు. పైగా ఆర్డరిచ్చిన రోజు, "మా మనిషిని పంపి కొలిపిస్తాం సార్" అని కూడా అన్నారు పాపం. "మీ మనిషెందుకు? నేను కొలవని కిటికీ నా ఇంట్లకు రాదు" అని బాలప్పే ఛాతీ విరుచుకుని చెప్పి వచ్చాడు.

ఆ ఛాతీకి కారణం లేకపోలేదు. నారాయణఖేడ్ వైపు పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో పటాన్‌చెరు వచ్చి, ఒక మెషిన్ షాపులో టర్నరుగా చేరి, ముప్పై అయిదేళ్లు ఇనుము చెక్కిన మనిషి. చివరి పన్నెండేళ్లు అతని పనల్లా, మిగతావాళ్లు చెక్కింది కొలిచి పాసా ఫెయిలా చెప్పడం. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా పక్కన పడేసేవాడు. బస్తీలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఎవరింట్లో బీరువా తలుపులోంచి లోపలికి దూరుతుందో లేదో చూడాలన్నా, సజ్జకు చెక్క కొట్టించాలన్నా, నీళ్ల సంపుకు మూత చేయించాలన్నా, "కొలతకు బాలప్పను పిలువుర్రి" అనేవారు. జేబులో టేపు వేసుకుని అతను ముందు నడిచేవాడు. చంకలో నోటుబుక్కు పెట్టుకుని భార్య సంగమ్మ వెనక నడిచేది. అతను కొలిచి చెప్పేవాడు, ఆమె రాసేది. ఇన్నేళ్లలో ఒక్క చెక్క ఎక్కువ రాలేదు, ఒక్క మూత తక్కువ రాలేదు.

సంగమ్మ పోయి రెండేళ్లయింది. తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టి, గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. ఈ జాగా ఆమె ఉండగా కొన్నదే. "కిరాయి ఇండ్లల్ల కిటికీ తెరిస్తే పక్కోళ్ల గోడే కనబడుతది. మనింట్ల గాలాడాలె, నువ్వే కొలిచి పెట్టియ్యాలె" అని ఆమె అనడం, సరేనని అతను మాటివ్వడం, అదంతా ఈ ఖాళీ జాగాలో తుమ్మ కంపల మధ్య నిలబడే జరిగింది. పునాదులు, గోడలు, స్లాబు మల్కయ్య తన టేపుతో తను చేసుకుపోయాడు. కిటికీల దగ్గరకొచ్చేసరికి బాలప్ప అడ్డం పడ్డాడు. సంగమ్మ పోయాక అతను జేబులోంచి టేపు తీసింది అదే మొదటిసారి.

మూడు వారాల కిందటి ఆదివారం కూతురు రవళిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇరవై ఆరేళ్ల రవళి బొల్లారంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్లో పని చేస్తుంది. నాన్న చెబుతుంటే ఆ పిల్ల ఫోన్లో టకటకా కొట్టుకుంది. అయిదు కిటికీలు పది నిమిషాల్లో అయిపోయాయి. "చూసినవా, ఎంత జల్దీ అయిందో" అని బాలప్ప మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు ఆ పిల్ల కూడా కిటికీల పక్కనే నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది.

మల్కయ్య తన టేపు తీసి వంటింటి గోడలో కిటికీకి వదిలిన కంత కొలిచాడు. "నలభై ఎనిమిది" అన్నాడు. బాలప్ప తన టేపు తీసి అదే కంత కొలిచాడు. "యాభై రెండు." ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిలువు కొలిచారు. అక్కడా నాలుగు అంగుళాలు తేడా. పడకింట్లోనూ అంతే.

"ఏదీ, ఇటియ్యి నాయినా" అని రవళి టేపు అందుకుంది. కొసన ఇత్తడి ముక్క వంచి రివెట్టు కొట్టి ఉంది. దాని పక్కనే మొదలయ్యే అంకె ఒకటి కాదు. నాలుగు.

ఆ టేపు సంగతి రవళికి చిన్నప్పటి నుంచీ తెలుసు. బస్తీలో సగం మందికి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు, తిరుగుతున్న లేత్ దగ్గర బాలప్ప పరధ్యానంగా టేపు చాచాడు. ఇనుమును బిగించి తిప్పే చక్ దాన్ని పట్టి లాగి, నాలుగు అంగుళాల ముక్క కొరికేసింది. వేలు దక్కింది. ఆ ముక్కకు బదులు వేలే పోవాల్సిందని సంగమ్మ ఏడ్చి, పసుపు రాసి, కొత్త టేపు కొననివ్వలేదు. "నీ వేలు కాపాడింది, దీన్ని పారేస్తే కండ్లు పోతయ్" అంది. బాలప్ప ఇత్తడి ముక్కతో దానికి కొత్త కొస చేశాడు. అప్పటి నుంచి ప్రతి దసరాకు ఇంట్లో ఆయుధ పూజ అంటే ఆ టేపుకే బొట్టు.

"నాయినా, ఇది నాలుగు కాడికెళ్లి షురూ అయితది గదా" అంది రవళి మెల్లిగా. "నువ్వు నాలుగు తీసేసి చెప్పలేదా?"

"తీసేసే చెప్త గదా" అన్నాడు బాలప్ప.

అన్నాడు గాని, తీసేసినట్టు గుర్తు లేదు. మూడు వారాల కిందటిది గుర్తు లేకపోతే పోనీ, ఇప్పుడే, అందరి ముందూ, నలభై ఎనిమిది ఉన్నదాన్ని యాభై రెండు అన్నాడు. టేపు కొస తన చేత్తో చేసినదే, నాలుగు తీసెయ్యాలని తెలిసిందే. తెలిసీ నోటికి రాలేదు. అతని అన్న వీరప్పకు కూడా ఇలాగే మొదలైంది. అరవై దాటగానే, రోజూ నడిచే సొంత చెలక గట్టు మరిచిపోయాడు. ఆ తర్వాత బిడ్డల పేర్లు మరిచిపోయాడు.

రవళికీ ఆ పెదనాన్నే గుర్తొచ్చినట్టున్నాడు. కోప్పడినా బాగుండేది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీ తీ నాయినా. అమ్మ పోయినప్పటి సంది నువ్వు పరేషాన్ ఉన్నవు. ఒకసారి సంగారెడ్డిలో డాక్టర్‌కు చూపించుకుందాం. మిగిలిన పనంతా కాంట్రాక్టుకిచ్చేద్దాం. వంటింటి బండ, అల్మారాలు, తలుపులు, వాళ్లే కొలుసుకుంటరు. నువ్వు ఇంక కొలతలు పెట్టుకోకు."

ఆ చివరి మాట పుండు మీద కారం చల్లినట్టయింది. మల్కయ్య పెద్దమనిషి, వినబడనట్టు ఇసుక జల్లెడ పట్టుకుని అవతలికి నడిచాడు. బాలప్ప టేపు జేబులో వేసుకుని, "ఇంటికి పోయొస్త" అని ఒక్క మాట అని రోడ్డెక్కాడు.

షేర్ ఆటోలో పటాన్‌చెరు దాకా పావుగంట. ఆ పావుగంటా అతని కళ్ల ముందు వెనకటి గదులన్నీ వరసగా తిరిగాయి. పెళ్లయ్యాక మొదటి గది రామచంద్రాపురంలో. రెండడుగులు వేస్తే ఈ గోడ, రెండడుగులు వేస్తే ఆ గోడ. సంగారెడ్డి నుంచి మంచం తెచ్చే ముందు ఇద్దరూ కూర్చుని కొలిచారు. మంచం వేస్తే సరిగ్గా పట్టింది. పక్కన సంగమ్మ ఇనుప పెట్టె పెట్టుకునేంత చోటు కూడా మిగిలింది, ఆమె ఆ సందులో కూర్చుని మహారాణిలాగా నవ్వింది. తర్వాత గదిలో రేకులు కారితే తార్పాలిన్ కొలిచారు. రవళి పుట్టాక ఉయ్యాల తాళ్లు కొలిచారు. సంగమ్మ పాత చీరను రెండు చేసి కిటికీకి పరదా కుట్టడానికి కొలిచారు, అటువైపు ఉన్నది పక్కింటి గోడే అయినా సరే. ఎంత చిన్న బతుకు, ఎన్ని కొలతలు! అన్నీ సరిగ్గా పట్టాయి. అప్పుడు తల సరిగ్గా ఉండేది. ఇప్పుడు లేదు.

ఇంటికి వెళ్లి అతను చేసిన మొదటి పని సంగమ్మ ఇనుప పెట్టె తెరవడం. ఏడవడానికి కాదు. మెషిన్ షాపులో సరుకు ఫెయిలైతే, తప్పు ఎప్పటి నుంచి మొదలైందో తెలుసుకోవడానికి పాత రిజిస్టరు తిరగేస్తారు. తన తల ఎప్పటి నుంచి తప్పడం మొదలుపెట్టిందో చూడాలనుకున్నాడు. సంగమ్మ ఉన్నప్పుడే మొదలైందా, పోయాక మొదలైందా? రిజిస్టరు అంటే ఆమె నోటుబుక్కే. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన పెద్ద పుస్తకం, చీరల అడుగున ఉంది. ఇన్నేళ్లలో అతను దాన్ని తెరిచి చూసింది లేదు. కొలత చెప్పడం తన వంతు, రాయడం ఆమె వంతు. ఏం కొట్టించాలన్నా ఆ పుస్తకం పట్టుకుని వడ్రంగికి అంకె చదివి వినిపించేది కూడా ఆమే.

గడప దగ్గర వెలుగులో కూర్చుని చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పాడు. సంగమ్మ అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. అక్షరాలు గీతకు ఒకటి కింద, ఒకటి పైన. ‘అనసూయమ్మ బీరువ’ అని ఒక చోట. దాని పక్కన కొలత ఉండాలి. కానీ ఉన్నది కొలత కాదు, లెక్క.

పైన 62. దాని కింద 4. కింద ఒక గీత. గీత కింద 58. ఆరును కొట్టేసి పైన చిన్నగా 5 రాసుకుంది, బళ్లో పిల్లలు పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకున్నట్టు. అంచున నాలుగు చిన్న గీతలు గీసి, ఒక్కొక్కటీ కొట్టేసుకుంది.

పేజీ తిప్పాడు. 40, కింద 4, కింద 36. ఇంకో పేజీ. 71, కింద 4, కింద 67. సంపు మూత, సజ్జ చెక్క, తార్పాలిన్, ఉయ్యాల. అన్నింటికీ అదే లెక్క. ఒక్కచోట కూడా నాలుగు మరిచిపోలేదు. పేజీలు తిప్పుకుంటూ మొట్టమొదటి పేజీకి వచ్చాడు. అక్కడ ఒక తీసివేత ఉంది, అది తన చేతిరాత. మంచం తెచ్చే ముందు రాసింది. అప్పుడు గుర్తొచ్చింది బాలప్పకు. ‘నేను చెప్పిందాంట్ల నాలుగు తీసి రాయాలె, గిట్ల’ అని ఒక్కసారి, ఒక్క లెక్క చేసి చూపించాడు. ఆ తర్వాత మళ్లీ చెప్పలేదు. చెప్పే అవసరం ఆమె రానివ్వలేదు. అంకె చూసి చదివేయడమే అతని నోటికి అలవాటైంది. తీసేయాలన్న సంగతి ఎప్పుడో అతని తలలోంచి జారిపోయి, ఆమె ఒక్కదాని దగ్గరే మిగిలింది.

తల చెడిపోలేదు. అది ఎన్నడూ అతనొక్కడి తలే కాదు.

ఊపిరి పీల్చుకున్నాడు. కానీ దాని వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. అతను అంకె చెప్పాక ఆమె రాయడానికి ఎంతసేపు పట్టేదో గుర్తొచ్చింది. పెన్సిల్ కొస నోట్లో పెట్టుకునేది. వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిపేది. పెదవులు కదిలేవి. బాలప్పకు ముక్కు మీద కోపం. టేపు చాచి పట్టుకుని, నలుగురి ముందూ, "ఏమే, రెండంకెలు రాయనీకె రెండు దినాలా? గీ మాత్రానికి బడికెందుకు పోయినవే?" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నీ తప్పు దిద్దుతున్న, జెర ఆగు అని ఒక్కసారి, ఒక్కనాడన్నా అనలేదు. అందరూ బాలప్ప కొలతంటే కొలతే అంటుంటే, పక్కన నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటూ మురిసిపోయేది.

ఎంత మాటన్నాడు! ఎన్నిసార్లన్నాడు! బాలప్ప పుస్తకం మొహానికి ఆనించుకుని, పక్క వాటావాళ్లు వింటారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. ఆమె పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఆ రోజు ఏం పోయిందో అతనికి పూర్తిగా తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఇస్నాపూర్ చేరాడు. రవళి గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. ఫోన్ చేస్తే ఎత్తకపోవడంతో పిల్ల మొహం పీక్కుపోయింది. "ఏడికి పోయినవ్ నాయినా!" అని కేకేసింది. అతను పుస్తకం తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. రవళి ఒక పేజీ చూసింది, రెండు చూసింది. లాబొరేటరీలో రోజూ అంకెలతో తలబాదుకునే పిల్లకు చెప్పక ముందే అర్థమైంది. అంచున కొట్టేసిన నాలుగేసి గీతల మీద వేలు పెట్టి నిమిరింది.

"అమ్మ..." అంటూ ఇంకో పేజీ తిప్పింది.

"నా తలకేం కాలే బిడ్డా" అన్నాడు బాలప్ప. "నేను ఎన్నడూ సరిగ్గ చెప్పలే. ఎన్నడూ. మీ అమ్మ సరిగ్గ రాసింది, గంతే."

తర్వాత ఇంట్లోకి వెళ్లి మల్కయ్యను పిలిచాడు. పన్నెండేళ్లు ఒకళ్ల తప్పు ఇంకొకళ్లకు చూపించి బతికిన మనిషి, ఎర్రబడిన కళ్లతో మేస్త్రి ముందు నిలబడి, "తప్పు నాదే మల్కయ్యా" అన్నాడు. "కిటికీలు వాపసు పోవు. కంతలే పెద్దగ చెయ్యి. నేను పట్టుకుంట."

మల్కయ్య కంతల చుట్టూ తిరిగి చూశాడు. లింటెల్ కింది నుంచి పక్కలకు రెండేసి అంగుళాలు, అడుగున నాలుగు అంగుళాలు చెక్కితే సరిపోతుందన్నాడు. పూత పాడవుతుంది, మళ్లీ మెత్తాలి, రెండు రోజుల పని. "ఒక ముచ్చట చెప్తనే అన్నా" అన్నాడు ఉలి మీద సుత్తి వేస్తూ. "గీ జాగల గీ నాలుగంగుళాలు పెరిగితే మంచిగనే ఉంటది. వదినె ఉంటే ఇంకో నాలుగు పెంచమంటుండే." బాలప్పకు నవ్వొచ్చింది. నిజమే, అనేదే.

పొద్దు వాలేసరికి వంటింటి కంత సిద్ధమైంది. కిటికీ నిలబెట్టి చూస్తే సరిగ్గా కూర్చుంది. అవతల ఎవరి గోడా లేదు, జొన్న కోసిన చెలక, దాని మీదుగా హైవే మీద పోయే లారీలు. గాలి రివ్వుమని వచ్చి సిమెంటు దుమ్మంతా బాలప్ప మొహాన కొట్టింది.

మల్కయ్య చేతులు కడుక్కుని, కొంచెం మొహమాటంగా అడిగాడు. "వంటింటి బండ కొలత రేపు పొద్దున్నే ఇయ్యాలె. మరి ఎవరు కొలుస్తరు?"

బాలప్ప రవళి వంక చూశాడు. కాంట్రాక్టు మాట, డాక్టరు మాట ఆ పిల్ల మళ్లీ ఎత్తలేదు. అమ్మ పుస్తకంలో చివరి రాత తర్వాత ఖాళీ పేజీ తెరిచి, మల్కయ్య చెవి మీద ఉన్న పెన్సిల్ లాక్కుంది. "చెప్పు నాయినా" అంది.

బాలప్ప ఇత్తడి కొస గోడకు ఆనించాడు. అవతలి గోడ దాకా టేపు చాచి, వంగి చూశాడు.

"ఎనభై రెండు."

"డెబ్బై ఎనిమిది" అంది రవళి తడుముకోకుండా, రాయబోతూ.

"అట్ల కాదు బిడ్డా. ఎనభై రెండు రాయి. దాని కింద నాలుగు రాయి. గీత గియ్యి."

రవళి రాసింది. గీత గీసింది. ఎనిమిదిని కొట్టేసి పైన ఏడు వేసింది. అడుగున డెబ్బై ఎనిమిది వేసి తలెత్తింది. "అయింది నాయినా. రెండో దిక్కు చెప్పు."

బాలప్ప టేపు చుట్టలేదు, కదలలేదు. వంగిన నడుం వంగినట్టే ఉంచి, రెండు చేతులతో టేపు బిగువుగా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక లారీ పోయింది. ఇంకో లారీ పోయింది. నాన్న మతి నిక్షేపంగా ఉందని ఇప్పుడు రవళికి తెలుసు కాబట్టి, అతను అలా ఆగిపోయినా ఆమె భయపడలేదు.

"ఆగు బిడ్డా" అన్నాడు బాలప్ప. "మీ అమ్మది ఇంకా కాలే."